మామిడి ఐసులో మామిడి

నా చిన్నప్పుడు మా ఊళ్లో అమ్మిన మామిడి ఐసులో మామిడిపండు చుక్క కూడా ఉండేది కాదు. పసుపు రంగు, శాకరిన్, వాసనకి ఏదో ఎసెన్సు. అదీ నూజివీడు పక్కన, ఎటు చూసినా మామిడితోటలే ఉన్న మా ముసునూరు వైపు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో నాకు పదేళ్లు. అమ్మానాన్నలు మామిడి కోతకు వెళ్లేవారు, కాబట్టి ఏ పండు రుచి ఏదో నా నాలుక్కి తెలుసు. ఒక మధ్యాహ్నం, సైకిలు మీద చెక్కపెట్టె కట్టుకొచ్చే ఐసు బాబాయిని ఆపి, "ఇందులో మామిడి లేదు, నువ్వు దొంగవి" అని పదిమందిలో అరిచాను. పిల్లలు "దొంగైసు, దొంగైసు" అని పాట కట్టారు. రెండు రోజులు ఎవరూ కొనలేదు. పెట్టె అడుగు నుంచి పసుప్పచ్చ నీళ్లు కారుతుండగా ఆయన సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకో రోజు ఇలాగే అయితే ఆయన మా ఊరు రావడం మానుకోవాల్సిందే.

మూడో రోజు నేరుగా మా ఇంటికొచ్చాడు. కొడతాడేమోనని అమ్మ వెనక దాక్కున్నాను. "చితికిన రసాల పళ్లుంటే నాలుగివ్వమ్మా" అన్నాడు. వాటిని పిండుతూ నాకో కబురు చెప్పాడు. అమెరికాలో నా ఈడు కుర్రాడొకడు తీపినీళ్ల గ్లాసులో పుల్ల ఉంచి, చలిలో బయట మరిచిపోయాడట. తెల్లారేసరికి అది గడ్డకట్టి పుల్ల ఐసు అయిందట. కోతలు కోస్తున్నాడనుకున్నాను. బడికి వెళ్లకపోయినా కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాక, ఒక పుస్తకంలో చూశాను. నిజమే!

మర్నాడు ఐసు ఫ్యాక్టరీవాళ్లను బతిమాలి, ఆ రసంతో ఐసులు పోయించి తెచ్చాడు. పిల్లలు ఒకసారి నాకి ఊసేశారు.

"ఛీ, పీచు! పచ్చగా లేదేంటి? ఇదే దొంగైసు!"

ఆయన పకపకా నవ్వి పెట్టెలోంచి పాత రకం ఐసులే తీసిచ్చాడు. ఎగబడి కొన్నారు. పీచు ఐసు నేనొక్కడినే, పళ్లు జివ్వుమంటున్నా పుల్ల దాకా చీకాను. అంత మంచి ఐసు మళ్లీ తినలేదు.

"బాబాయ్, నా మీద కోపం లేదా?" అని రోజూ అడిగేవాడిని. ఆయన హారన్ నొక్కుకుంటూ సాగిపోయేవాడు. ఈ వయసులోనూ ప్రతి డబ్బా వెనక అచ్చేసింది చదివి కొట్టువాళ్లను విసిగిస్తానంటే, మామిడి కోతలు ముగిసిన రోజు సైకిలు ఆపి ఆయన అన్న మాట వల్లే.

"కోపమెందుకురా? ఇన్నేళ్లలో ఇందులో ఏముందని పట్టించుకున్నవాడివి నువ్వొక్కడివే. అడగడం మానకు. కాకపోతే, తిట్టేముందు అడుగు."