కాలువకు పోసిన ఒడిబియ్యం

సింధనూరు బస్సు కాలువ వంతెన ఎక్కగానే సంచీలోంచి ఒక పైసా తీశాను. నీళ్లు దాటేటప్పుడు పైసా వేసి దండం పెట్టడం కృష్ణా జిల్లా నుంచి ఈ కాలువ కింద సేద్యానికి వచ్చిన మా వెంట వచ్చిన అలవాటు. పక్కన కూర్చున్న ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఎయ్యకు బిడ్డా."

"అదేంటి మామ్మా, గంగమ్మ తల్లికేగా!"

"మేమైతే గీ కాలువను మా ఇంటి ఆడబిడ్డ అనుకున్నం. మొదలు నీళ్లొచ్చిన్నాడు ఊరంత పోయి, పుట్టింటికొచ్చిన బిడ్డకు ఒడి నింపినట్టు ఒడిబియ్యం పోసినం. ఎనక అఫ్సర్లొచ్చి గీ గట్టు కిందనే, పల్లంల, మాకు కొత్త కాలనీ కట్టిచ్చిన్రు. నీళ్లు బయటికి పోనీకి మోరి తవ్వుతమన్నరు, తవ్వలే. గోడలల్ల ఊట, బాయిల ఉప్పు, ఇంటింట్ల చలిజరం. నా మనవరాలు గా జరంలనే పాయె."

"వాళ్లకి చెప్పలేదా?"

"చెప్పకేంది? 'నీళ్లు కావాలని మొక్కింది మీరే కదా' అని నవ్విన్రు."

బస్సు వంతెన దాటాక గానీ ఆమె నా చెయ్యి వదల్లేదు. జవళగేరలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మా వరి పండేది ఆ నీళ్లతోనే. ఇప్పటికీ ఆ వంతెన మీద నా చెయ్యి సంచీలోకి పోతుంది. తీసిన పైసా గుప్పిట్లోనే ఉండిపోతుంది.