మావయ్యకు చలి తెలియలేదు

మా తమెహానా మావయ్య కైకోరా అనే ఊరి ఒడ్డున ముప్ఫై ఏళ్లుగా కయాక్ మీద సముద్రంలోకి వెళ్లి చేపలు పడుతున్నాడు. ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ అది. తిరగబడితే మనిషి నీళ్లలోనే. అందుకే ఏ బట్టలు వేసుకోవాలో ఎండను చూసి కాదు, నీళ్లను చూసి తేల్చుకోవాలంటాడు.

దానికి మావాళ్ల పరీక్ష ఒకటుంది. వేసుకున్న బట్టలతోనే ఛాతీలోతు నీళ్లలో పది నిమిషాలు నిలబడాలి. తర్వాత గాలానికి దారం కట్టాలి. ముడి పడకపోతే ఇంటికి పోయి బట్టలు మార్చుకోవాలి.

గడియారం పట్టుకుని గట్టు మీద నిలబడేది రిపెకా అత్తయ్య. మావయ్య వేసుకునే, నీళ్లు చొరని పసుపుపచ్చ సూటు ఆమె ఎంచిందే. మెడకూ మణికట్లకూ రబ్బరు పట్టీలుంటాయి.

"అరటిపండులా ఉన్నానే!" అన్నాడు మావయ్య, మొదటిసారి వేసుకుని.

"అరటిపండైతే దూరం నుంచి కనిపిస్తావు. నోర్మూసుకుని పో."

అత్తయ్య మంచాన పడ్డప్పుడు నేను బడి మానేసి వాళ్లింటికి వచ్చాను. వేసవిలో ఆమె పోయింది. నన్ను మళ్లీ బడికి వెళ్లమని ఎవరూ అనలేదు. సూటు షెడ్డులో వేలాడుతోంది. రబ్బరు పగలకుండా అత్తయ్య చెప్పినట్టే నెలకోసారి పౌడరు రాస్తున్నాను. మావయ్య దాన్ని ముట్టుకోలేదు.

చలికాలంలో ఒక ఉదయం బాగా ఎండ కాసింది. మావయ్య నూలు హుడీ మీద లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలోకి దిగాడు. గడియారం నా చేతిలో ఉంది. పక్కింటి మటియు తన పడవ దించుకుంటూ నవ్వాడు.

"ఏం తమెహానా, బజారుకా?"

"నీ మొహం. చూస్తూ ఉండు, పాసవుతా."

పది నిమిషాలకు మావయ్య పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"చలేస్తోందా మావయ్యా?"

"లేదే."

అబద్ధం చెప్తున్నట్టు లేదు. దారం మూడుసార్లు జారింది. నాలుగోసారి గాలం బొటనవేలిలో దిగింది. అతను దూరంగా పక్షుల్ని చూస్తూ ముడి వేస్తూనే ఉన్నాడు.

"కళ్లు మందగించాయి, అంతే. పోయొస్తా."

మటియు నవ్వు ఆగింది. "నువ్వన్నా చెప్పమ్మా. ఇలా పోతే తిరిగి రాడు."

పెద్దవాళ్లకు చెప్పడం నాకు రాదు. గడియారం మటియు చేతిలో పెట్టి, ఒంటి మీది నూలు చొక్కాతోనే నీళ్లలోకి నడిచాను. ముందు ఊపిరి ఆగింది. తర్వాత మోకాళ్లు మొద్దుబారాయి, పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"ఏయ్ పిచ్చిదానా! ఏంటిది?"

"పరీక్ష."

"నాలుగు నిమిషాలు," అన్నాడు మటియు గట్టు మీంచి.

జేబులోంచి ఇంకో గాలం తీశాను. నా వేళ్లు నావి కానట్టున్నాయి. గాలం నీళ్లలో పడిపోయింది.

మావయ్య నా చేతులు చూశాడు. "చలిగా ఉందా?"

"ఊఁ."

"ఎంత?" నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"అత్తయ్య చూస్తే ఇద్దర్నీ తన్నేంత."

అప్పుడు తన బొటనవేలు చూసుకున్నాడు. గాలం అందులోనే ఉంది.

ఇంటికి నడిచాం. పొడి బట్టలు వేసుకుని మావయ్య వేల్లోంచి గాలం తీశాను. నొప్పికి అతను కదలనైనా లేదు. తర్వాత షెడ్డులోకి వెళ్లి రెండు ఉన్ని చొక్కాల మీద సూటు వేసుకున్నాడు. మెడపట్టీలోంచి తల దూర్చేటప్పుడు పౌడరు గడ్డానికి అంటింది. తుడుచుకోలేదు.

మళ్లీ పది నిమిషాలు. ముడి పడింది. పడవ దూరం పోయాక కూడా గట్టు మీంచి చాలాసేపు కనిపించాడు, పసుపుపచ్చగా.

తొలి చేపను మేం సముద్రానికే వదిలేస్తాం. ఆ రోజు దొరికింది అదొక్కటే. మధ్యాహ్నం బ్రెడ్డు తిన్నాం.

"రేపు కూడా గడియారం తే," అన్నాడు మావయ్య.