అనీసా పరీక్షకు పెట్టిన చేతులు

లాబు పెద్ద లక్ష్మీకాంత్ గారు ఆ మాట అన్నది మంగళవారం ఉదయం, లాబులో ఏడుగురు ఉండగా.

"మిరపకాయల మధ్య పెరిగిన చేతులమ్మా నీవి. వాటితో ముట్టుకుంటే ఆర్‌ఎన్‌ఏ ఎట్లా నిలుస్తుంది?"

ఇద్దరు విద్యార్థులు నవ్వారు. అనీసా చేతిలో ఉన్న పైపెట్‌ను స్టాండుకు తగిలించి, గ్లౌజులు విప్పి, బయటికి నడిచింది. కారిడార్ చివర నిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. చెవులు మాత్రం మండుతున్నాయి.

గుంటూరు శివార్లలోని ఆ పరిశోధన సంస్థలో ఆమె ఆరేళ్లుగా ప్రాజెక్ట్ అసిస్టెంట్. ఇల్లు నల్లపాడులో. తల్లి మస్తాన్‌బీ మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే కూలీ. ఆ పని చేస్తూనే కూతుర్ని చదివించింది. సంస్థలో అందరికీ ఆ సంగతి తెలుసు, అనీసా ఎప్పుడూ దాచలేదు.

వాళ్ల పని తెల్లబడే మిరప నారు మీద. పొదిలి వైపు ఒక రైతు నారుమడిలో కొన్ని మొక్కలు ఆకుపచ్చ ఎక్కకుండా పాలిపోయి చచ్చిపోతుంటే ఆ గింజలు తెచ్చి పెంచారు. జన్యువు నుంచి మొదట ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవుతుంది. అందులో అక్కర్లేని ముక్కల్ని కణం కత్తిరించి మిగతాది అతికిస్తుంది. దాన్నే స్ప్లైసింగ్ అంటారు. ఈ మొక్కల్లో ఒక ముక్క తెగకుండా ఉండిపోతోందని, దానివల్ల తయారైన ప్రొటీన్ మొదట్లో, ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా చెడిపోతోందని, చిరునామా లేని ప్రొటీన్‌ను ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్ లోపలికి రానివ్వడం లేదని వాళ్ల అనుమానం. రుజువు కావాలంటే చెడని ఆర్‌ఎన్‌ఏ కావాలి. మూడు వారాలుగా తీసిందల్లా చెడిపోతోంది. ఆర్‌ఎన్‌ఏను కరెంటుతో నడిపి చూసే జెల్ పలక మీద రెండు స్పష్టమైన గీతలు రావలసిన చోట పొగ పట్టినట్టు మరక వస్తోంది.

ఆ సాయంత్రం సంగతి విని మస్తాన్‌బీ కూర గిన్నె ఠపీమని దించింది.

"నువ్వేమన్నావే?"

"ఏమీ అనలేదు. చేతిలో రుజువు లేదు."

"తిట్టడానికి రుజువెందుకే? నా పని ఊసెత్తడానికి ఆయనెవరు? వాళ్లింట్లో కారం తినరా?"

తల్లి తిట్లు సాగుతుండగానే అనీసా కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకుంది.

గురువారం అదే ఏడుగురినీ రమ్మంది. లక్ష్మీకాంత్ గారినీ పిలిచింది. డీప్ ఫ్రీజర్‌లో దాచిన పాత ఆర్‌ఎన్‌ఏ బాగుందని ముందే చూసుకుంది. దాన్ని ఎనిమిది ట్యూబుల్లో సమానంగా పోసింది.

"ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైము ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం సార్. ఒకదాంట్లో ఏమీ కలపను. మూడింట్లో మనం వాడే మూడు సీసాల నీళ్లు. ఒకదాంట్లో నా గ్లౌజు కడిగిన నీళ్లు. తర్వాతది నా ఒట్టి చేయి కడిగిన నీళ్లు, దాని తర్వాతది హారికది." ఆగింది. "ఆఖరిది మీది. ఈ చుక్క నీళ్లలో వేలు ముంచండి."

ఆయన నవ్వబోయారు. నవ్వు కలిపేవాళ్లు ఎవరూ లేకపోయేసరికి వేలు ముంచారు.

ట్యూబుల మీద పేర్లు తుడిచి రహస్య గుర్తులు వేసింది రీసెర్చ్ స్కాలర్ హారిక. ఏది ఏదో అనీసాకు కూడా తెలియకూడదు. గంటసేపు వెచ్చగా ఉంచి అన్నిటినీ జెల్ మీద నడిపారు. తెర మీద బొమ్మ వచ్చాక హారిక ఒక్కొక్క గుర్తూ చదివింది. ఏమీ కలపనిది బాగుంది. రెండు సీసాలు బాగున్నాయి. గ్లౌజు బాగుంది. ఒట్టి చేతులు మూడూ మరకలే. అనీసాది, హారికది, ఆయనది పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. నాలుగో మరక మూడో సీసా.

"అది మీ గదిలోంచి వచ్చిన సీసా సార్," అంది హారిక నెమ్మదిగా. "గత నెల విత్తనాల కంపెనీ వాళ్లొచ్చినప్పుడు వాళ్లకు ప్రయోగం చూపించడానికి మీరు గ్లౌజులు లేకుండా తెరిచారు. మళ్లీ అల్మరాలో పెట్టింది నేనే."

"సరే. తప్పెక్కడుందో దొరికింది. ఆ సీసా పారబోయండి," అని ఆయన లేచారు.

"కూర్చోండి సార్," అంది అనీసా. ఆమె గొంతు పెద్దదైంది. "సీసా నేను పారబోస్తాను. మీరు మంగళవారం అన్న మాట ఎవరు పారబోస్తారు? మనిషన్న ప్రతివాడి చర్మం మీదా ఈ ఎంజైము ఉంటుందని మొదటి నెలలో నాకు నేర్పింది మీరే. తెలిసి కూడా మిరపకాయలని అన్నారు. మూడు వారాలు నా చేతులు నేనే అనుమానించుకున్నాను. తోలు ఊడేదాకా సబ్బేసి రుద్దుకున్నాను."

"కోపంలో ఏదో అన్నాను. ఇంత దూరం లాగాలా?"

"లాగాలి. వీళ్ల ముందు అన్నారు, వీళ్ల ముందే చెప్పండి."

ఆయన తలుపు తీసుకుని వెళ్లిపోయారు. నవ్విన ఇద్దరిలో ఒకతను వచ్చి "సారీ అక్కా" అన్నాడు. "ఆ రోజు నవ్వకపోతే సరిపోయేది," అంది అనీసా.

సోమవారం మీటింగులో లక్ష్మీకాంత్ గారు కాగితాల వంక చూస్తూ చెప్పారు. "నీళ్లు నా వల్ల చెడ్డాయి. అనీసా పనిలో లోపం లేదు."

"మా అమ్మ పని గురించి అన్నదో సార్?"

ఆయన తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు.

అంతటితో ఆమె ఆయనతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేసింది. పని మాత్రం మానలేదు. కొత్త నీళ్లతో తీసిన ఆర్‌ఎన్‌ఏ మొదటిసారే శుభ్రంగా వచ్చింది. నెల తిరిగేసరికి తెల్ల మొక్కల్లో ఆ ముక్క తెగడం లేదని తేలింది. హారిక విడిగా తీసిన క్లోరోప్లాస్టులకు ఆ ప్రొటీన్‌ను అందించి చూస్తే అది లోపలికి పోలేదు. మామూలు ప్రొటీన్ పోయింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే.

"ఇంత మంచి ఫలితం వచ్చింది కదక్కా, ఇంకా కోపమేనా?" అని అడిగింది హారిక.

"కోపమే," అంది అనీసా. "రేపటి జెల్‌కు బఫర్ ద్రావణం కలిపావా?"