ఎముక బాగానే ఉందన్నారు

"నేరుగా నడిస్తే ఏటీ అవదు బాబూ. అదే నా కొంప ముంచింది. సూసినోడికి కాలు బాగానే ఉన్నట్టుంటాది కదా."

సూరన్న గుమ్మంలో కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. నోరు మాట్లాడుతున్నా చేతులు ఎవరిదో చిరిగిన వల అల్లుతూనే ఉన్నాయి. ఎదురుగా పీట మీద ఆనందకుమార్. ఆసుపత్రిలో కీళ్ళ జబ్బులవాళ్ళకి వ్యాయామాలు చేయిస్తాడు. ఇల్లు పక్క వీధిలోనే. డ్యూటీ దిగి వస్తూ జాలారిపేటలో ఈ గుమ్మం దగ్గర ఆగుతాడు. చేయించే వ్యాయామం కాసేపే, వినడానికే ఎక్కువసేపు కూర్చుంటాడు.

"మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టాను కదా, దాన్ని నొక్కు మావయ్యా. తొడ బిగియాలి."

"నొక్కతన్నాను. నొక్కేటప్పుడు మాటాడొద్దన్లేదు కదా నువ్వు."

దెబ్బ తగిలింది తొంభై నాలుగులో. అప్పట్లో సూరన్నదీ, చెల్లెలు చిట్టమ్మ మొగుడు ఎల్లాజీదీ ఒకటే తెప్ప. ఓ పొద్దున్న ఇద్దరూ తెప్పని నీళ్ళలోకి తోస్తుంటే కెరటం దాన్ని అడ్డంగా తిప్పేసింది. సూరన్న పాదం ఇసకలో దిగబడి ఉంది, ఒళ్ళు మాత్రం తెప్పతో పాటు తిరిగిపోయింది. మోకాల్లో టప్పుమంది. సాయంత్రానికి అది కొబ్బరికాయంత అయింది.

"అప్పుడే ఐసు పెట్టుంటే వాపు కొంచెం లాగేసును" అన్నాడు ఆనందకుమార్.

"ఐసా? హార్బర్లో సేపల మీద పారల్తో ఏసినాం. మోకాలికెయ్యాలని ఎవుడికి తెలుసు? మా నూకాలు ఏడి ఇసక మూటగట్టి కాపడం ఎట్టింది. ఆపైన ఆవదం రాసి తోమింది సూడూ, పేణం పోయింది."

"నువ్వు మూలుగుతుంటే సూత్తా కూకోమంటావేటి?" లోపలినుంచి పెళ్ళాం నూకాలు అంది.

కట్టు కట్టే ముసలాయన గుడ్డు తెల్లసొన పట్టించి వెదురు బద్దలు బిగించాడు. దానికీ తగ్గక, ఎల్లాజీయే భుజం ఆసరా ఇచ్చి వన్ టౌన్‌కి ఎక్స్‌రేకి తీసుకెళ్ళాడు. ఎముక బాగానే ఉందన్నారు. ఆ మాట నిజమే. మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే పట్టీ ఒకటుంటుందనీ, అది తెగితే ఎక్స్‌రేలో పడదనీ వీళ్ళకి తెలీదు. అడగాలనీ తెలీదు.

వాపు తీశాక సూరన్న టీకొట్టు దాకా బాగానే నడిచాడు. పేట పేటంతా చూసింది. పక్కకి తిరిగినప్పుడే మోకాలు జారిపోయేది. మళ్ళీ వేటకి దిగిన రోజు కెరటాల దగ్గర అలాగే జారి పడ్డాడు. తెప్ప అడ్డం తిరిగి వల కొట్టుకుపోయింది.

ఒడ్డు మీద అందరి ముందూ ఎల్లాజీ అన్నాడు: "బావా, నీ మోకాలికి టీకొట్టు దారి తెలుసుగానీ సముద్రం దారి తెలీదేటి?"

అందరూ నవ్వారు. సూరన్న కూడా నవ్వాడు. కొన్నాళ్ళకి తెప్ప మీద అతని చోట్లో వేరే మనిషి కూర్చున్నాడు. సూరన్న వలలు బాగుచేసే మనిషైపోయాడు. ఎల్లాజీ వల చిరిగితే చిట్టమ్మ తెచ్చేది, బాగయ్యాక చిట్టమ్మే పట్టుకెళ్ళేది. బావలిద్దరికీ ఆ మాత్రం రాకపోకలు ఆవిడ వల్లే.

ఈ వానాకాలంలో ఆ చిట్టమ్మ జ్వరమొచ్చి పోయింది.

పాడె మొయ్యడానికి అన్నని రమ్మన్నారు. సూరన్న భుజాన తువ్వాలు వేసుకుని ముందుకొచ్చాడు. దింపుడుకళ్ళం దగ్గర పాడె దించి, మళ్ళీ ఎత్తి తిప్పాలి. కింద ఇసక. ఆ తిరగడంలో మోకాలు జారితే చెల్లెలు నేలపాలవుతుంది. అది తలుచుకుని వెనక్కి జరిగి, పక్కవాడికి చోటిచ్చాడు.

ఎల్లాజీ చూశాడు. మెల్లిగా, "ఈరోజు కూడానా బావా" అన్నాడు.

ఆ తర్వాత సూరన్న అన్నం సరిగ్గా తినలేదు. నూకాలే గొడవపెట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఈసారి స్కాను తీశారు. పట్టీ ఏనాడో తెగిందన్నాడు డాక్టరు. అప్పుడే తెలిసుంటే తొడ వెనక కండరం తాలూకు తాడు తీసి కొత్త పట్టీ వేసేవాళ్ళం, ఇన్నేళ్ళ రాపిడికి లోపలి మెత్తలు కూడా అరిగిపోయాయి, ఇక వ్యాయామం చేసుకోవడం, బెల్టు కట్టుకోవడం, గొంతుక్కూర్చోవడం మానెయ్యడం, మరీ ఓర్చుకోలేకపోతే ఎప్పటికైనా కీలు మార్చడం అన్నాడు. అంతా విని సూరన్న అడిగింది ఒకటే. "అయితే నాను అబద్ధం ఆడనేదు కదా బాబూ?" డాక్టరుకి అర్థం కాలేదు. అక్కడే నిలబడ్డ ఆనందకుమార్‌కీ ఆవేళ అర్థం కాలేదు.

"మీ బావ ఎల్లాజీకి నువ్వే చెప్పొచ్చు కదా మావయ్యా" అన్నాడు ఇప్పుడు.

"నాను గుమ్మం ఎక్కితే ఆడు లేచెల్లిపోతాడు. ఎనకాల పరిగెట్టగలనా?"

సూరన్న వల పక్కన పెట్టి, ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెల్లు బాబూ. ఆసుపత్రి మనిషివి, నీ మాటింటాడు. తెప్ప సంగతి ఎత్తకు, అదైపోనాది. సెల్లి పాడెకి బుజం ఎందుకెట్టనేదో అదొక్కటి సెప్పు. తిరిగేకాడ జారతాదని సెప్పు. ఇప్పుడే ఎల్లు, ఇంటికాడే ఉంటాడు."