తోకలో మందు ట్యాంకు

ఒక విమానం గాల్లోకి లేవకుండానే కూలిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. నేనే కూల్చాను. ఎనభైల్లో, నరసరావుపేటలో, పట్టపగలు, ఎగ్జామినర్ కళ్ళెదుట. అందులో చచ్చింది నేనొక్కణ్ణే.

అది మా డిప్లొమా ఆఖరి సంవత్సరం. మిగతా జట్లన్నీ బుద్ధిగా జాకీలూ, పంపులూ డిజైన్ చేసుకుంటుంటే మా నలుగురికీ మాత్రం పత్తి చేల మీద పురుగుమందు చల్లే చిన్న విమానమే కావాల్సి వచ్చింది. బొమ్మ గీయడం సాంబశివరావు పని. బరువుల లెక్కలు నావి. మిగతా ఇద్దరూ టీ తాగుతూ మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు. అంటే, సాంబణ్ణి మెచ్చుకునేవాళ్ళు.

"ఏం గీశావురా సాంబా! ఇప్పుడే ఎగిరిపోయేట్టుంది," అనేవారు మా సార్. నా లెక్కల పుస్తకం తిరగేసి, "సరేలే, కానీ," అనేవారు. రెండు నెలల కష్టానికి 'సరేలే, కానీ'! నాకు కడుపు మండిపోయేది. అబద్ధమెందుకు, రొంపిచెర్ల నుంచి వాడు తొక్కుకొచ్చే సైకిల్ చూసినా మండేది. వాడి క్యారేజీలో పెరుగు గట్టిగా ఉంటే నాకు అన్నం సహించేది కాదు.

ట్రేసింగ్ షీటు గుంటూరు తీసుకెళ్ళి ప్రింటు తీయించుకొచ్చే పని నా మీద పడింది.

"జాగ్రత్తరా కోటిగా, చానా కష్టపడి గీశా," అన్నాడు సాంబడు.

"నీ షీటుకేం గాదులేరా. కళ్ళకద్దుకొని తెస్తా," అన్నాను.

గదికెళ్ళి తలుపేసుకుని బ్లేడు తీశాను. ట్రేసింగ్ షీటు మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి మళ్ళీ గీస్తారు. నేను ఒప్పు గీతల్ని గీకాను. రెక్కల దగ్గరుండాల్సిన మందు ట్యాంకును తీసుకెళ్ళి తోకలో పెట్టాను. ఆ విమానం మీద నేనంత శ్రద్ధగా పనిచేసింది ఆ ఒక్క గంటే. వైవాలో లేచి నిలబడి ఆ తప్పు నేనే పట్టుకుంటాను, సాంబడు తెల్లమొహం వేస్తాడు, మా సార్ నా భుజం తడతారు. ఇదీ పథకం. తిట్టుకుంటున్నారు కదూ? కానివ్వండి.

వైవా పొద్దున ప్రింటు చుట్ట పట్టుకొచ్చాను.

"ఏందిరా ఇంతాలస్యం? ఇటియ్యి, గీసినోడి పేరు రాయాల," అని సాంబడు లాక్కున్నాడు.

'రాసుకో నాయనా, గుండ్రంగా రాసుకో,' అనుకుంటూ నేను తల దువ్వుకోవడానికి వెళ్ళాను. వాడు చుట్టను కింది మూల మట్టుకే విప్పి, పేరు రాసి, మళ్ళీ చుట్టేశాడు.

బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. షీటు బోర్డుకెక్కింది. ఆయన నోరు తెరవకముందే నేను లేచాను.

"సార్, ఇందులో ఘోరమైన తప్పుంది సార్! ట్యాంకు తోకలో పెట్టారు. బరువంతా వెనక్కి పోయి ఇది లేవనే లేవదు సార్!"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "నిజమే. ఇంత తెలివితక్కువగా గీసిందెవరయ్యా?"

"సాంబశివరావు సార్. పాపం, మంచోడే," అన్నాను జాలి ఒలకబోస్తూ.

ఆయన కింది మూలకు వంగి చదివారు. "కోటేశ్వరరావు అని ఉందే! అతనెవరు?"

దువ్వుకున్న తల గోక్కున్నాను. "నేనే సార్."

"నువ్వే గీసి, నువ్వే లేవదంటున్నావా?"

సాంబడు నాకన్నా కంగారుపడి చెవిలో గొణిగాడు. "సార్ నిన్ను పట్టించుకోట్లేదని కుమిలిపోతన్నావు గదరా! నీకూ నాలుగు మార్కులు పడతయ్యని నీ పేరు రాశా. అయినా ట్యాంకు తోకలోకి ఎట్టా పోయిందిరా?"

బ్లేడు సంగతి చెబితే కాలేజీ నుంచి గెంటేస్తారు. చెప్పకపోతే మొద్దునవుతాను. మొద్దుగానే ఉండిపోయాను. సాంబడు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద అసలు బొమ్మ చకచకా గీసి, ట్యాంకు ఎక్కడుండాలో చూపించాడు. "స్నేహితుడి తప్పు దిద్దావు, శభాష్!" అని ఎగ్జామినర్ వాడి చెయ్యి పట్టుకుని ఊపారు. వాడికి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు. నేను బొటాబొటిగా పాసయ్యాను.

ఇన్నాళ్ళూ వాడికి గీతొక్కటే బాగా వచ్చనుకున్నాను. వెధవకి మంచితనం కూడా ఉందని ఆ రోజే తెలిసి నా అసూయ రెండింతలైంది.

అప్పుడే ఆ ప్రింటు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంకెవరి బొమ్మా చెడగొట్టను. ఒకవేళ చెడగొట్టక తప్పకపోతే, వాళ్ళ పేరు వాళ్ళు రాసుకునేదాకా బ్లేడు ముట్టను.