రెండో పిలుపు

గుంతకల్లులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు, రైల్వే కార్మికులకు జీతం స్లిప్పులు పేరు పిలిచి ఇచ్చేవాణ్ణి. ఒక గ్యాంగ్‌మన్ మాత్రం ఎదురుగా నిలబడి కూడా మొదటి పిలుపుకు పలికేవాడు కాదు. చెవుడనుకుని విసుగ్గా మళ్లీ అరిస్తే, "ఉండానప్పా" అంటూ తీరిగ్గా వచ్చేవాడు.

తర్వాత స్లిప్పులు కంప్యూటర్లోకి వెళ్లాయి. పిలవడం ఆగిపోయింది. అయినా ఆ నెల అతను వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఇంక నువ్వు ఈడికి రావల్సిన పన్లేదన్నా. అంతా కంప్యూటర్లోనే కనపడతాది," అన్నాను.

"స్లిప్పు కోసరం రాలేదప్పా. మాయమ్మ పోయినాక నన్ను పేరుతో పిల్సేటోళ్లు యాడా లేరు. గ్యాంగులో అందరికీ నేను 'ఏమప్పా'నే. ఒకతూరి పిలువు."

పిలిచాను. నా ఎదురుగానే ఉన్నాడు, పలకలేదు. రెండోసారి పిలిచేదాకా ఆగాడు.