కుడివైపు కుర్చీ

పారిస్ సభలో రాజుగారి పక్షం వాళ్లు అధ్యక్షుడికి కుడివైపు కూర్చుంటారు. పాతను కాపాడేవాళ్లమని వాళ్లు కొత్తగా పేరు పెట్టుకున్నారు. అందుకని మా ఊరి కాఫీ అంగట్లో బార్బొతాన్ గారు కూడా, గల్లా దగ్గరుండే యజమానురాలు మదాం దెల్ఫీన్‌కు కుడివైపున, మోకాళ్లకు ఎండ తగిలే కిటికీ పక్కనే కూర్చునేవారు. విప్లవానికి ముందు కుట్టించిన కోటు, కాఫీలోకి పౌడరు రాల్చే విగ్గు. "ఉన్నదాన్ని కదపకూడదయ్యా, కదిపితే ఇల్లే కూలుతుంది" అని ఆయన అనడం, మేం తలలు పట్టుకోవడం రోజూ ఉన్నదే.

మొన్న పైకప్పు కారుతోందని మదాం దెల్ఫీన్ గల్లాను ఎదుటి గోడకు జరిపించింది. ఈయన వచ్చి, ఇప్పుడు ఆమెకు ఎడమవైపైన కిటికీ పక్కనే ఎప్పటిలాగే కూర్చున్నారు.

"ఏం పెద్దాయనా, ఎడమపక్షంలో చేరిపోయారా?" అన్నాడు మంగలి గాస్పార్.

ఆయన ముఖం కందిపోయింది. "గల్లా వెనక్కి పెట్టించమ్మా!"

"పెట్టిస్తా. నా నెత్తిన గొడుగు మీరు పడతారా?" అంది విసుగ్గా.

చాలాసేపు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఎండకేసి చూశారు. చివరికి కప్పు తీసుకుని లేచి, అవతల, ఆమెకు కుడివైపున్న మరుగుదొడ్డి తలుపు పక్కన చతికిలబడి, మా అందరికీ వినపడేలా అన్నారు:

"చూశారుగా, నేను కదల్లేదు."